ఈ-రేట్ పని అయిపోయిందట!

అమెరికాలో ఫోను బిల్లు చివరిదాకా చదివే ఓపిక ఉన్నవాళ్లకు అడుగున 'యూనివర్సల్ సర్వీస్' అని ఒక వరుస కనిపిస్తుంది. అలా పోగయ్యే డబ్బులో దాదాపు మూడోవంతు బడులకూ గ్రంథాలయాలకూ ఇంటర్నెట్ బిల్లు మీద రాయితీగా వెళుతుంది. 1998 నుంచి నడుస్తున్న ఆ పథకం పేరు ఈ-రేట్. ఇప్పుడు దాని మీద ఒక మాట బాగా చెలామణిలో ఉంది. వాషింగ్టన్ మేధోసంస్థల నివేదికల్లోనూ, సెనేట్ ప్రసంగాల్లోనూ, ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో మన తెలుగువాళ్ల విందుల్లోనూ ఒకే తీరుగా వినిపిస్తుంది: "దాని పని ఎప్పుడో అయిపోయింది, ఇంకా ఎందుకు?"

ఆ వాదనను బలం తగ్గించకుండా చెప్పుకుందాం. బడుల్లో ఇంటర్నెట్ లేని రోజుల్లో పెట్టిన పథకమిది. ఇవాళ అది లేని బడిని వెతికి పట్టుకోవాలి. పిల్లల చేతుల్లోనే ఫోన్లున్నాయి. ఈ వసూలు రేటును నిర్ణయించేది ఎన్నికైన సభ కాదు, ఎఫ్‌సీసీ అనే నియంత్రణ సంస్థ. కాబట్టి ఇది దొడ్డిదారి పన్ను. 2000లో 6 శాతం లోపు ఉన్న ఆ రేటు 2025లో 36 శాతం దాటింది. ఇంత పోసినా మార్కులు పెరిగాయని పరిశోధకులు చూపలేకపోయారు. మధ్యలో కాంట్రాక్టర్లు మేశారు, కోర్టుల్లో ఒప్పుకున్నారు కూడా. అదీ చాలదన్నట్టు బడి గోడ దాటి బస్సుల్లోకీ ఇళ్లలోకీ ఇంటర్నెట్ ఇవ్వబోయారు. అందుకని ఎత్తేయాలి, కనీసం కత్తిరించాలి.

ఇందులో చాలా వాక్యాలు నిజమే. తప్పంతా చివరి వాక్యంలో ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

1. పని అయిపోయిందా?

1994లో అమెరికా ప్రభుత్వ బడుల్లో 35 శాతానికే ఇంటర్నెట్ ఉండేది. తరగతి గదుల లెక్క తీస్తే 3 శాతం. 1996 ఫిబ్రవరి 8న క్లింటన్ టెలికమ్యూనికేషన్స్ చట్టం మీద సంతకం చేశారు. బడులకూ గ్రంథాలయాలకూ రాయితీ ఇవ్వాలన్న నిబంధనను అందులో పట్టుబట్టి పెట్టించినవాళ్లలో ముఖ్యులు మెయిన్ రాష్ట్రపు రిపబ్లికన్ ఒలింపియా స్నో, వెస్ట్ వర్జీనియా డెమొక్రాట్ జే రాక్‌ఫెల్లర్. ఇద్దరివీ అడవులూ కొండలూ చిన్న చిన్న ఊళ్లూ ఉన్న రాష్ట్రాలు. లాభం రాని చోటికి ఫోను కంపెనీ తనంత తానుగా తీగ లాగదని వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2005 నాటికి 94 శాతం తరగతి గదులకు ఇంటర్నెట్ చేరింది. ఇక చాలన్న మాటకు అప్పుడే తావు దొరికింది.

2013లో మళ్లీ లెక్క చూస్తే ఏం తేలింది? ఒక్కో విద్యార్థికి సెకనుకు 100 కిలోబిట్ల వేగం అన్న కనీస ప్రమాణాన్ని అందుకున్న స్కూల్ డిస్ట్రిక్టులు 30 శాతమే. తీగ ఉంది, గోడకు ప్లగ్గు ఉంది, పని జరగదు. ఒకప్పటి టీ-1 లైను బడి మొత్తానికి ఇచ్చేది సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు. 1998లో అది వైభోగం. పదిహేనేళ్లు తిరిగేసరికి ఒక్క తరగతి పిల్లలు కలిసి వీడియో పాఠం తెరిస్తే చాలు, కూలబడిపోయేది. 2014లో ఎఫ్‌సీసీ పథకాన్ని తిరగరాసింది: బడి లోపలి వైఫైకి ఏటా 100 కోట్ల డాలర్లు లక్ష్యంగా పెట్టుకుంది, మొత్తం పరిమితిని 390 కోట్ల డాలర్లకు పెంచింది. 2019 నాటికి ఆ 30 శాతం కాస్తా 99 శాతమైంది. 2005లో 'పని అయిపోయింది' అన్నవాళ్ల మాట విని ఉంటే ఈ రెండో అంకం ఉండేదే కాదు. ఇవాళ అదే మాట అంటున్నవాళ్లు అప్పటి లెక్క ఎందుకు తప్పిందో చెప్పకుండా మళ్లీ అదే లెక్క చూపుతున్నారు.

ఆ లెక్క తప్పడానికి కారణం ఒకటే. ఇంటర్నెట్ ఒకసారి వేసి వదిలేసే పని కాదు, నెలనెలా వచ్చే బిల్లు. ఈ-రేట్ కట్టేది ఆ బిల్లునే, అదీ అందరికీ ఒకే వంతున కాదు. బడిలో ఎంత శాతం పిల్లలు ఉచిత లేదా తక్కువ ధర మధ్యాహ్న భోజనానికి అర్హులో, ఊరు పల్లెటూరా కాదా అన్నదాన్ని బట్టి రాయితీ తేలుతుంది. 75 శాతం, ఆపైన పిల్లలు అర్హులైతే 90 శాతం రాయితీ. నూటికి ఒక్కరు కూడా లేని పట్టణపు బడికి 20 శాతం. గ్రంథాలయానికి అది ఉన్న స్కూల్ డిస్ట్రిక్టు లెక్కే వర్తిస్తుంది. నెలకు 2,000 డాలర్ల బిల్లనుకోండి: పేద బడి 200 కడుతుంది, సంపన్న బడి 1,600 కడుతుంది. రాయితీ తీసేస్తే రెండో బడికి 400 పెరుగుతుంది. మొదటి బడికి 1,800 పెరుగుతుంది. ఆస్తిపన్ను మీద నడిచే అమెరికా బడుల్లో ఆ 1,800 ఎక్కడినుంచి రావాలి? చుట్టూ ఉన్నవే చవక ఇళ్లు.

పని అయిపోయిందన్న మాట ఎవరి నోట వస్తోందో కూడా గమనించాలి. ఇల్లు కొనేముందు వంటగది కంటే ముందు స్కూల్ రేటింగు చూసేవాళ్లం మనం. మన పిల్లల బడికి 20 శాతమో 40 శాతమో రాయితీ వస్తుంది. రాకపోయినా వైఫై ఆగదు. మన గుమ్మం ముందు నిలబడి చూస్తే దేశమంతా వెలుగుతున్నట్టే ఉంటుంది.

ఈ పథకానికి ఆగడం తెలియదనీ అంటారు. తెలుసు. మొదట్లో ల్యాండ్‌లైన్ ఫోన్ల బిల్లుకూ రాయితీ ఉండేది. 2014 సంస్కరణలో దాన్ని ఏడాదికి 20 పాయింట్ల చొప్పున తగ్గిస్తూ పోయి చివరికి సున్నా చేశారు. పేజర్లు, వాయిస్ మెయిల్, వెబ్ హోస్టింగ్ అన్నిటినీ జాబితాలోంచి తీసేశారు. అవసరం తీరిన చోట ఆగిన పథకమిది. అయితే రాయితీ పోయినంత మాత్రాన బడి ఆఫీసులో ఫోను మోగడం మానలేదు. ఆ ఖర్చు పూర్తిగా బడి పద్దులోకి వచ్చి కూర్చుంది. రేపు ఇంటర్నెట్ రాయితీ తీసేస్తే జరిగేదీ ఇదే, పదింతలు పెద్దగా.

2. చేతిలో ఫోను ఉందిగా!

ఈ వాదన మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. 2023లో ఫ్లోరిడాతో మొదలుపెట్టి ఇప్పటికి సగానికి పైగా రాష్ట్రాలు బడిలో ఫోన్లను నిషేధించాయి, లేదా కట్టడి చేశాయి. ఫోను పిల్లల చదువు పాడుచేస్తోందని చట్టం చేసే సభ్యులే, ఫోను ఉంది కాబట్టి బడికి ఇంటర్నెట్ రాయితీ ఎందుకని అడుగుతున్నారు. రెండింటిలో ఏదో ఒకటే మాట్లాడాలి. ఇక గ్రంథాలయం సంగతి: ఉద్యోగ దరఖాస్తు, నిరుద్యోగ భృతి, ఇమ్మిగ్రేషన్ ఫారాలు అయిదంగుళాల తెర మీద నింపి చూస్తే తెలుస్తుంది, జనం లైబ్రరీ కంప్యూటరు ముందు ఎందుకు వంతు కోసం కూర్చుంటారో. ఇండియానుంచి వచ్చిన మన అమ్మానాన్నలకు మధ్యాహ్నాలు గడిచే చోటు కూడా చాలా ఊళ్లలో అదే.

3. దొడ్డిదారి పన్నా?

ప్రత్యర్థుల వాదనలో నిజంగా పస ఉన్న భాగమిది. అందుకే తాపీగా విప్పాలి.

ముందు చట్టం సంగతి. 2024 జులైలో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 9-7 తేడాతో ఈ వసూలు విధానం రాజ్యాంగ విరుద్ధమంది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో ఆ తీర్పును కొట్టేసింది. జస్టిస్ కేగన్ రాసిన మెజారిటీ తీర్పు సారం: ఎంత వసూలు చేయాలి, ఎవరికోసం, దేనికోసం అన్నదానికి కాంగ్రెస్ చట్టంలో తగినంత హద్దు గీసింది, ఎఫ్‌సీసీ ఆ హద్దులోపలే లెక్కలు వేస్తోంది. అయినా 'దొంగ పన్ను' అన్న మాట ఆగలేదు. సరే, చట్టబద్ధమైనదంతా మంచిదని నేనూ అనను. డబ్బు లెక్కకే వద్దాం.

36 శాతం అంటే మీ మొత్తం బిల్లులో 36 శాతం కాదు. రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య టెలికాం సేవల మీద కంపెనీకి వచ్చే ఆదాయంలో ఆ వంతు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద వచ్చే ఆదాయం ఆ లెక్కలో లేదు. జనం కాల్స్ మాని డేటాకు మళ్లారు. వసూలుకు ఆధారమైన ఆదాయం ఇరవై ఏళ్లలో సగానికంటే తక్కువకు కుంగింది. కింద సంఖ్య తగ్గితే శాతం పెరుగుతుంది, అయిదో తరగతి లెక్క. ఆ పెరిగిన శాతాన్ని చూపించి 'బడులు మింగేస్తున్నాయి' అనడం ఏ తరగతి లెక్కో నాకు తెలియదు. నిజానికి ఆ నిధిలో సగానికి పైగా తినేది ఈ-రేట్ కాదు. మారుమూల ప్రాంతాల్లో లైన్లు వేసే, నిలిపే కంపెనీలకు ఇచ్చే సబ్సిడీ. ఈ-రేట్‌కు ఇవాళ పరిమితి ఏటా 500 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటే, వాడుతున్నది అందులో సగానికి కాస్త అటూ ఇటూ. తనకిచ్చిన హద్దులో సగం కూడా దాటడానికి తడబడే పథకాన్ని తిండిబోతు అంటున్నారు.

వసూలు పద్ధతి పాడైంది, ఒప్పుకుంటాను. పేదవాడి ఫోను మీదా అదే శాతం పడడం అన్యాయం, అదీ ఒప్పుకుంటాను. దానికి మందు వసూలు పరిధిని పెంచడం. బ్రాడ్‌బ్యాండ్ ఆదాయాన్నీ, ఆ గొట్టాల మీద కోట్లు గడిస్తున్న పెద్ద టెక్ కంపెనీలనూ లెక్కలోకి తేవడం. బావి తవ్వకం వంకరగా ఉందని తాగేవాళ్ల చెంబులు లాక్కోవడం మందు కాదు.

"అలాకాదు, కాంగ్రెస్సే ఏటేటా బడ్జెట్‌లో పెట్టాలి, అప్పుడే ప్రజాస్వామ్యం" అని ఇంకో ప్రతిపాదన వినసొంపుగా వస్తుంది. దాన్ని ఊహించి చూడనక్కర్లేదు, జరిగిపోయింది. పేద కుటుంబాలకు ఇంటి ఇంటర్నెట్ మీద నెలకు 30 డాలర్ల రాయితీ ఇచ్చిన అఫోర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రాంను అలాగే నడిపారు. 1,420 కోట్ల డాలర్లు కేటాయించారు. రెండు కోట్లకు పైగా కుటుంబాలు చేరాయి. డబ్బు అయిపోయింది, కాంగ్రెస్ మళ్లీ కేటాయించలేదు, 2024 జూన్ 1న పథకం మూతపడింది. రెండు పార్టీల సభ్యులూ మెచ్చుకున్న పథకమే సుమా. మెచ్చుకోలు బిల్లు కట్టదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన భారతదేశంలోనే ఉంది. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవల లెవీగా కేంద్రం వసూలు చేస్తుంది. 2023 చట్టం తరువాత ఆ నిధి పేరు డిజిటల్ భారత్ నిధి. అయితే ఆ డబ్బు మొదట సంచిత నిధిలోకి వెళ్లి, పార్లమెంటు కేటాయించినంతే బయటికొస్తుంది. అంటే అమెరికాలో ఈ-రేట్ వ్యతిరేకులు కోరుకుంటున్న అచ్చమైన 'ప్రజాస్వామిక' పద్ధతి. ఫలితం? వసూలైనదానికీ ఖర్చయినదానికీ మధ్య వేలాది కోట్ల రూపాయల ఎడం. ప్రభుత్వమే ఏటా తీసే యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో ఇంటర్నెట్ ఉన్న బడులు 63.5 శాతం. ఆంధ్ర, తెలంగాణల్లో గ్రంథాలయ సెస్సు కథ మనకు కొత్త కాదు: ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయం పేరున కడతాం, స్థానిక సంస్థలు ఆ పైసలు గ్రంథాలయ సంస్థలకు జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి అలాగే ఉంది. ఏ పని పేరు చెప్పి వసూలు చేశారో ఆ డబ్బు నేరుగా ఆ పని బిల్లుకే చేరడం ఎంత అరుదో తెలిసినవాళ్లం, ఈ-రేట్‌ను అందరికన్నా చులకన చేయకూడనిది మనమే.

4. మార్కులు పెరగలేదే!

పెరగలేదు. ఆస్టన్ గూల్స్‌బీ, జొనాథన్ గుర్యాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కాలిఫోర్నియా బడుల మీద చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. ఈ-రేట్ వల్ల ఇంటర్నెట్ ఉన్న తరగతి గదులు బాగా పెరిగాయి గానీ పరీక్ష మార్కుల మీద కొలవదగ్గ ప్రభావం కనిపించలేదని తేల్చారు. ఎత్తేయాలనేవాళ్లకు ఇష్టమైన కాగితమిది. దాని మొదటి సగాన్ని మాత్రం వాళ్లు చదివి వినిపించరు: పథకం దేనికోసం పెట్టారో ఆ పని చేసిందని రాసి ఉన్నది అక్కడే. కొలిచిన కాలమూ చూడాలి, పథకం మొదలైన తొలి రెండు మూడేళ్లు.

ఆ తరువాత లోకం మారింది. టెక్సస్ రాష్ట్ర పరీక్ష స్టార్ 2022-23 నుంచి ఆన్‌లైన్‌లోనే. 2024 వసంతం నుంచి అమెరికాలో కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్ కూడా డిజిటలే. మొదలుపెట్టడానికీ జవాబులు పంపడానికీ నెట్‌వర్క్ కావాలి. మార్కులు తెచ్చిందా అని అడిగేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి: ఆ మార్కులు వేసే పరీక్షే ఇంటర్నెట్ మీద నడుస్తోంది. శాట్ కోచింగుకు వేల డాలర్లు పోసే మన ఇళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పరీక్ష రాయడానికి తప్పనిసరి అయినదాన్ని, మార్కులు పెంచలేదన్న నేరం మీద తీసేస్తారా?

5. దొంగలు పడ్డారు

పడ్డారు. 2004లో ఎన్‌ఈసీ అనుబంధ కంపెనీ ఒకటి నేరం ఒప్పుకుని రెండు కోట్లకు పైగా డాలర్లు చెల్లించడానికి తలొగ్గింది. ప్యూర్టోరికోలో 10 కోట్ల డాలర్ల పథకంలో కొన్న సామగ్రి గోదాముల్లో మూలుగుతున్న వైనం కాంగ్రెస్ విచారణలో బయటపడింది. 2010లో హ్యూలెట్-ప్యాకార్డ్, టెక్సస్‌లో హ్యూస్టన్, డాలస్ బడుల కాంట్రాక్టుల మీద వచ్చిన ఆరోపణల్లో కోటీ అరవై లక్షల డాలర్ల పైచిలుకు కట్టి రాజీ పడింది. ఇప్పుడు చెప్పండి, ఈ మూడింటిలో లబ్ధి పొందాలని చూసింది అమ్మేవాళ్లా, చదువుకునేవాళ్లా? అమ్మినవాడు మోసం చేస్తే కొన్నవాడికి శిక్ష వేయడం ఏ న్యాయం?

పథకంలో కట్టుదిట్టాలూ ఉన్నాయి. బడి తన అవసరాన్ని ఫారం 470లో బహిరంగంగా పెట్టి కనీసం 28 రోజులు ఆగాలి. వచ్చిన బిడ్లలో ధరకే అన్నిటికన్నా ఎక్కువ బరువివ్వాలి. కాగితాలు పదేళ్లు దాచాలి. తనలాంటి ఇతర కస్టమరుకు ఇచ్చే కనిష్ఠ ధర కంటే బడికి ఎక్కువ వేయకూడదన్న నియమం కంపెనీ మీద ఉంది.

ఆ కనిష్ఠ ధర నియమాన్ని పాటించలేదన్న ఆరోపణతో విస్కాన్సిన్ బెల్ అనే ఫోను కంపెనీ మీద ఒక ఆడిటర్ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంపెనీ వాదన ఏమిటంటే, ఈ-రేట్ డబ్బు ప్రభుత్వానిది కాదు, టెలికాం కంపెనీలు కట్టే ప్రైవేటు సొమ్ము. కాబట్టి ప్రభుత్వాన్ని మోసం చేసినవాళ్ల మీద పెట్టే చట్టం మాకు వర్తించదు అని. 2025 ఫిబ్రవరి 21న కోర్టు ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చి, కనీసం 10 కోట్ల డాలర్లు ఖజానా నుంచే వచ్చాయి, కేసు నడవాల్సిందేనంది. ఆరోపణ రుజువవుతుందో లేదో వేరే సంగతి. ఆ ఏడాదే నాలుగు నెలల తేడాతో అదే కోర్టులో వీగిపోయిన రెండు వాదనలు పక్కపక్కన పెట్టి చూడండి. రద్దు చేయమన్నవాళ్లకు ఇది ప్రభుత్వ పన్ను. లెక్క అడిగితే కంపెనీకి ఇది ప్రభుత్వ సొమ్మే కాదు. దెబ్బ తీయాలన్నప్పుడు ప్రజల డబ్బు, జవాబు చెప్పాలన్నప్పుడు ఎవరిదో డబ్బు.

6. బస్సులోకీ ఇంట్లోకీ ఎందుకు?

2023 అక్టోబరులో ఎఫ్‌సీసీ స్కూలు బస్సుల్లో వైఫైకి ఈ-రేట్ వర్తిస్తుందంది. 2024 జులైలో, బడులూ గ్రంథాలయాలూ అరువిచ్చే హాట్‌స్పాట్లను కూడా చేర్చింది. సెనేటర్ టెడ్ క్రూజ్ ముందుండి వ్యతిరేకించారు; 2025 సెప్టెంబరు 30న ఎఫ్‌సీసీ రెండింటినీ వెనక్కి తీసుకుంది. చట్టంలో 'తరగతి గదులు' అని ఉంది, ఇల్లు తరగతి గది కాదు, పెద్దవాళ్ల కళ్లు లేనిచోట పిల్లల చేతికి ఇంటర్నెట్ ఇవ్వకూడదు అన్నవి వాళ్ల కారణాలు.

తరగతి గది అన్న పదం పక్కనే ఆ చట్టంలో గ్రంథాలయం కూడా ఉంది. గ్రంథాలయం చేసే పనే ఇంటికి పట్టుకెళ్లమని ఇవ్వడం. పుస్తకం అరువివ్వవచ్చు గానీ పుస్తకాలన్నీ ఉన్నచోటికి దారి అరువివ్వకూడదనడానికి కారణం చట్టంలో దొరకదు. పర్యవేక్షణ మాటకొస్తే, 2000లో చేసిన పిల్లల ఇంటర్నెట్ రక్షణ చట్టం ఈ-రేట్ ఇంటర్నెట్‌కు వడపోత తప్పనిసరి చేసింది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బడి ఇచ్చిన హాట్‌స్పాట్‌కు వడపోత ఉంటుంది. పిల్లవాడు వైఫై దొరికే ఫాస్ట్‌ఫుడ్ దుకాణం బయట కూర్చుంటే ఏ వడపోతా ఉండదు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోని సలినాస్‌లో ఇద్దరు చిన్నపిల్లలు అలా నేల మీద కూర్చుని పాఠాలు వింటున్న ఫోటో దేశమంతా చూసింది. వాళ్ల భద్రత మీద ఇంత దిగులు ఉన్నవాళ్లు వాళ్లను తిరిగి ఆ నేల మీదికే పంపుతున్నారు.

ఏం చేయాలో చెప్పడం కష్టం కాదు. వసూలు సంస్కరణ మీద కాంగ్రెస్‌లో రెండు పార్టీల సభ్యుల బృందం ఒకటి కూర్చుని ఉంది. బ్రాడ్‌బ్యాండ్ ఆదాయాన్ని వసూలు పరిధిలోకి తేవాలి. రేటు దానంతట అదే దిగుతుంది. గ్రంథాలయాల హాట్‌స్పాట్లను తిరిగి ఇవ్వాలి. మోసం చేసిన అమ్మకందారును పథకం దరిదాపులకు రానివ్వకూడదు. రాయితీ పట్టికలో 90 శాతం గడిని ముట్టుకోకూడదు. కాదు, మొత్తం ఎత్తేయాల్సిందే అనేవాళ్లు ముందు ఒక పని చేయాలి: ఆ గడిలో ఉన్న బడికి నెలకు పడే 1,800 డాలర్లు ఎవరు కడతారో, ఏ పద్దు కింద కడతారో, ఎన్నేళ్లు కడతారో రాసిన కాగితం పట్టుకురావాలి. ఆ కాగితం లేకుండా వచ్చేవాళ్లతో చర్చించడానికి ఏమీ లేదు.